హాఫ్-లైఫ్ కథలో అతకని చోట్లకు ఏ థియరీని నమ్మాలి?

మీ ప్రశ్న ఇదీ: వాల్వ్ కంపెనీ కంప్యూటర్ ఆటలు, హాఫ్-లైఫ్ సిరీస్ అంతా వరసగా ఆడారు, ఒకదానికీ ఇంకోదానికీ కథ చాలాచోట్ల అతకడం లేదు, ఫ్యాన్ థియరీలు చదివితే ఇంకా అయోమయంగా ఉంది. అవి రాసినవాళ్ల పొరపాట్లా, కావాలని వదిలిన ఖాళీలా?

ఇరవై ఏళ్లుగా ఈ ఆటలంటే నాకు ప్రాణం. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను. కథంతా విప్పి చెబుతున్నాను కాబట్టి ఇంకా పూర్తి చేయనివాళ్లు ఇక్కడే ఆగిపోండి.

నేను మొదటి హాఫ్-లైఫ్ చూసింది 2004లో, ఒంగోలు ట్రంకు రోడ్డు వైపు ఒక నెట్ సెంటర్‌లో. అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. అందరం కౌంటర్-స్ట్రైక్ కోసమే వెళ్లేవాళ్లం. ఒకరోజు మావాళ్లెవరూ రాలేదు. డబ్బులు కట్టేశాను కదా అని పక్కనున్న ఐకాన్ నొక్కాను. తుపాకీ లేదు, శత్రువు లేడు. గోర్డన్ ఫ్రీమన్ అనే శాస్త్రవేత్త బ్లాక్ మెసా అనే పరిశోధనా కేంద్రంలోకి ట్రామ్‌లో పోతూ ఉంటాడు, అంతే. దారిలో ఒక సెక్యూరిటీ గార్డు మూసిన తలుపు దగ్గర నిలబడి ఉంటాడు. ట్రామ్ ముందుకు పోతుంది, అతను వెనక ఉండిపోతాడు. కొన్నేళ్లకు దాని అనుబంధ ఆట బ్లూ షిఫ్ట్ ఆడాను. ఈసారి ఆ గార్డు నేనే. తలుపు తీస్తారేమోనని చూస్తుంటే ఎదురుగా ట్రామ్ వెళ్లిపోతోంది, లోపల గోర్డన్. కుర్చీలో నిటారుగా కూర్చుండిపోయాను. ఈ ఆటల్లో అతుకులు వెతకడం నాకు ఆ రోజే మొదలైంది.

ఏ థియరీ చదివినా నేను ముందు చూసేది ఒకటే: ఇది ఎవరి కళ్లతో చూస్తున్న కథ? హాఫ్-లైఫ్, హాఫ్-లైఫ్ 2లలో కెమెరా గోర్డన్ కళ్లను వదిలి బయటికి రాదు. అతను మాట్లాడడు. మొదటి ఆట చివర జీ-మ్యాన్ అనే అంతుపట్టని సూటు మనిషి అతన్ని కాలం నుంచే పక్కకు తీసేసి, సుమారు ఇరవై ఏళ్ల తర్వాత, హాఫ్-లైఫ్ 2 మొదట్లో, సిటీ 17 అనే నగరానికి వెళ్లే రైల్లో దించుతాడు. ఈలోపు భూమి మీదికి కంబైన్ అనే గ్రహాంతర సామ్రాజ్యం వచ్చింది, ఏడు గంటల్లో యుద్ధం ముగిసింది, లోకం లొంగిపోయింది. చుట్టూ ఉన్నవాళ్లంతా ఆ ఇరవై ఏళ్లూ బతికి చూసినవాళ్లు. తెలిసిన సంగతి ఎవరూ మళ్లీ కూర్చోబెట్టి చెప్పరు కదా. అందుకే మనకు ఖాళీలా కనిపిస్తుంది. గోర్డన్ పాత సహోద్యోగి, శాస్త్రవేత్త ఇలై వాన్స్ ల్యాబ్‌లో ఒక బోర్డు మీద పేపర్ కటింగ్‌లు అంటించి ఉంటాయి. యుద్ధం గురించి, భూమి లొంగిపోవడం గురించి హెడ్డింగులు అక్కడే ఉన్నాయి. పక్కన పాత్రలు మాట్లాడుతుంటే వాళ్ల వైపు చూస్తూ ఆ బోర్డును దాటిపోయినవాళ్లే ఎక్కువ.

నాకు అన్నిటికన్నా దగ్గరైన సంగతి సముద్రం.

మాది కొత్తపట్నం వైపు తీరం. నాయన చేపల వేటకు వెళ్లేవాడు. హాఫ్-లైఫ్ 2 విడుదలైంది 2004 నవంబరు 16న. ఆ డిసెంబరు 26 ఆదివారం సునామీ వచ్చింది. పైకి వచ్చిన నీళ్లు వెనక్కి లాగేసినప్పుడు ఎప్పుడూ చూడని నేల బయటపడటం నేను కళ్లారా చూశాను. మా వల పోయింది, మనుషులం దక్కాం. తర్వాత మూడేళ్లకు, ఇంజినీరింగ్ సెలవుల్లో ఇంట్లో పాత కంప్యూటర్ మీద హాఫ్-లైఫ్ 2 ఆడుతున్నాను. హైవే 17 అనే భాగంలో తీరం వెంబడి బండి నడపాలి. ఒకచోట జెట్టీ ఉంటుంది. దాని కాళ్లన్నీ పొడి నేలలో. నీళ్లు ఎక్కడో దూరంగా, కిందికి. నేను బండి ఆపి దాని కింద నిలబడి పైకి చూస్తున్నాను. నాయన మంచం మీద నుంచి స్క్రీన్ చూసి, "ఏందిరా, ఆటుకు అంత దూరం పోయిందా?" అన్నాడు. మళ్లీ తనే, "ఆటు కాదులే. జెట్టీ కట్టిన రోజు నీళ్లు ఆ పలకల దగ్గరదాకా ఉండుంటాయి గదా. లేకపోతే పడవ యాడ కడతారు?" అన్నాడు.

మన తీరంలో ఆటుపోట్ల తేడా సుమారు ఒక మీటరు. ఆ లెక్క ఆయన ఒంట్లోనే ఉంది. కంబైన్ భూమి మీది సముద్రాలను తోడేస్తోందనే థియరీ నేను చాలాకాలం తర్వాత చదివాను. చదివేనాటికే నమ్మకం కుదిరింది, ఎందుకంటే సాక్ష్యం ఆటలోనే నిలబడి ఉంది. ఎవరూ నోటితో ప్రకటించకపోయినా జెట్టీ ఎత్తు చెబుతోంది. నా దృష్టిలో మంచి థియరీ అంటే అదే. కొత్తగా దేన్నీ కల్పించదు. ఉన్నదాన్ని సరిగ్గా చూపిస్తుంది.

ఇక రెండో రకం ఖాళీలు, రాసినవాళ్లు తర్వాత మార్చినవి. 1998 నాటి మొదటి ఆటలో శాస్త్రవేత్తలకు ఉన్నవి నాలుగే ముఖాలు, అవే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. గార్డులదీ ఒకటే ముఖం. 2004కి వచ్చేసరికి ఆ గుంపులోంచి ఇలై, క్లైనర్ అనే శాస్త్రవేత్తలు, బార్నీ అనే గార్డు పుట్టారు. "మొదటి ఆటలో ఇలై లేనే లేడు, ఇది అబద్ధం" అని వాదించేవాళ్లున్నారు. వాళ్లకు నేను మా అమ్మమ్మ వాళ్ల కందుకూరు ఇంటి కాగితాల సంగతి చెబుతాను. 1970కి ముందు కాగితంలో కందుకూరు నెల్లూరు జిల్లా. తర్వాతిదాంట్లో ఒంగోలు జిల్లా. 1972లో పేరు మారాక ప్రకాశం జిల్లా. 2022లో జిల్లాలు మార్చాక వచ్చిన కాగితంలో మళ్లీ నెల్లూరు. ఇల్లు కదల్లేదు, ఏ కాగితమూ తప్పు కాదు. రాసిన రోజున ఏది నిజమో అదే రాశారు. 1998లో రాసినవాళ్లకు 2004లో ఏం కావాలో ఎలా తెలుస్తుంది? చూడాల్సింది తర్వాత వచ్చినవాళ్లు ఆ పాత కాగితాన్ని గౌరవించారా లేదా అన్నది.

వాల్వ్ గౌరవించింది. మొదటి ఆటలో బ్లాక్ మెసాలో ప్రయోగం వికటించి ప్రమాదం జరిగిన వెంటనే ఆ గది బయట కనిపించే ఇద్దరు శాస్త్రవేత్తలు గోర్డన్‌ను పైకి వెళ్లి సాయం తెమ్మంటారు. హాఫ్-లైఫ్ 2లో ఇలై కలిసినప్పుడు, చివరిసారి నిన్ను సాయం కోసం పైకి పంపించాను కదా అని గుర్తుచేస్తాడు. మొదటి ఆటలో గార్డులు తర్వాత కలువు, బీరు ఇప్పిస్తానని అంటుంటారు. హాఫ్-లైఫ్ 2 మొదట్లో బార్నీ ముసుగు తీసి మాట్లాడేటప్పుడు నీకు బాకీ ఉన్న బీరు సంగతి అంటాడు. ఆరేళ్ల కిందట ఊరికే పెట్టిన ఒక మాటను పట్టుకుని ఒక స్నేహాన్ని కట్టారు. అతుకు కనిపిస్తుంది, కానీ గట్టిగా ఉంది.

వార్టిగాంట్లు అనే గ్రహాంతర జీవుల విషయం తొందరగా చెబుతాను. మొదట శత్రువులు, తర్వాత మిత్రులు, ఇదేం లెక్క అంటారు. మొదటి ఆటలో వాటి మెడకూ చేతులకూ ఉన్న పట్టాలు చూడండి. అవి బానిసలు. వాటిని ఆడించే నిహిలాంత్‌ను చంపింది గోర్డనే. రెండో ఆటలో మనతో ఉన్నవాటికి ఆ పట్టాలు లేవు. ఆట మొదట్లో రైల్వే స్టేషన్‌లో ఊడ్చేదానికి మాత్రం ఉన్నాయి. ఇక్కడ ఖాళీయే లేదు.

మొదటి ఆటకు అనుబంధంగా వచ్చిన అపోజింగ్ ఫోర్స్, బ్లూ షిఫ్ట్ చేసింది గేర్‌బాక్స్ అనే వేరే కంపెనీ. అపోజింగ్ ఫోర్స్ చివర బ్లాక్ మెసాలో అణుబాంబు పేలుతుంది. తర్వాతి ఆటల్లో పాత్రలు దాని గురించి సూటిగా మాట్లాడవు. రేస్ ఎక్స్ అనే గ్రహాంతర జీవులు మళ్లీ కనిపించవు. దీనికి పెద్ద పెద్ద థియరీలు అల్లారు. వేరే వాళ్ల చేతుల్లో తయారైన భాగాన్ని అసలువాళ్లు కాదనకుండా, వాడుకోకుండా పక్కన పెట్టారని నేననుకుంటాను.

అలాగే ఆటలోంచి తీసేసిన సరుకును సాక్ష్యంగా తేవడం నాకు నచ్చదు. 2003లో హాఫ్-లైఫ్ 2 కోడ్ లీకైంది. అప్పటి నుంచి తీసేసిన సీన్లన్నీ అసలు చరిత్ర అన్నట్టు వాదిస్తున్నారు. రచయిత మార్క్ లైడ్‌లా వాల్వ్ నుంచి బయటికి వచ్చాక, 2017 ఆగస్టులో పేర్లు మార్చి ఒక ఉత్తరంలా, హాఫ్-లైఫ్ 2కి కొనసాగింపుగా రావాల్సి ఉండి రాని ఎపిసోడ్ త్రీ కథ పెట్టారు. అది చదివి నేనెంత బాధపడ్డానో చెప్పలేను. అయినా దాన్ని సాక్ష్యంగా తీసుకోను. అందులో ఇలై లేడు. 2020లో వచ్చిన ఆట తర్వాత ఇలై ఉన్నాడు.

జీ-మ్యాన్ అంటే భవిష్యత్తు నుంచి వచ్చిన గోర్డనే అనే థియరీని నేనూ కొన్నేళ్లు నమ్మాను, స్నేహితులతో వాదించాను. ఎందుకు వదిలేశానంటే, దానివల్ల ఒక్క ఖాళీ కూడా పూడదు. గోర్డన్ అలా ఎందుకు మారాడు, జీ-మ్యాన్ చెప్పే యజమానులెవరు, తనను తానే ఎందుకు ఇరవై ఏళ్లు దాచుకున్నాడు, ఇలా ఇంకో పది ప్రశ్నలు పుట్టుకొస్తాయి.

మీరు నిజంగా తల బద్దలు కొట్టుకోవాల్సింది ఇలై కూతురు, హాఫ్-లైఫ్ 2లో మన పక్కనే ఉండే అలిక్స్ దగ్గర. 2007 అక్టోబరులో వచ్చిన ఎపిసోడ్ టూ చివర ఒక హ్యాంగర్‌లో అడ్వైజర్ అనే కంబైన్ జీవి ఇలైని చంపేస్తుంది, అలిక్స్ ఏడుస్తుంటే ఆట ముగుస్తుంది. పన్నెండేళ్లు పైగా ఆగాం. 2020 మార్చిలో హాఫ్-లైఫ్: అలిక్స్ అనే వీఆర్ ఆట వచ్చింది. అది హాఫ్-లైఫ్ 2కి ఐదేళ్ల ముందు కథ, ఆమెకు 19 ఏళ్లు. చివర జీ-మ్యాన్ ఆమెకు తండ్రి చావబోయే క్షణాన్ని చూపిస్తాడు. ఆమె ఆ అడ్వైజర్‌ను చంపి తండ్రిని బతికిస్తుంది. అందుకు బదులుగా జీ-మ్యాన్ గోర్డన్ స్థానంలో ఆమెను తీసుకుంటాడు. తర్వాత గోర్డన్ కళ్లు తెరిస్తే ఇలై బతికే ఉన్నాడు, అలిక్స్ లేదు.

చీరాల నుంచి వచ్చిన నా స్నేహితుడి దగ్గర వీఆర్ హెడ్‌సెట్ ఉంటే వాడింట్లో చూశాను. వాడు హెడ్‌సెట్ తీసేసి, "మామా, ఐదేళ్ల ముందే పిల్లను ఎత్తుకుపోతే రెండో ఆటంతా మన పక్కన ఉన్నది ఎవర్రా?" అన్నాడు. తెల్లారేదాకా అదే మాట. నాకు కుదిరిన సమాధానం ఇది. ఎపిసోడ్ టూలో అలిక్స్ స్పృహలో లేనప్పుడు జీ-మ్యాన్ ఆమె చెవిలో ఒక మాట చెబుతాడు, ఊహించని పరిణామాలకు సిద్ధంగా ఉండమని. ఆమె తర్వాత ఇలైతో ఉన్నప్పుడు తనకు తెలియకుండానే ఆ మాట అంటుంది. ఇలైకి గుండె జారిపోతుంది, బ్లాక్ మెసా ప్రమాదం రోజున తను విన్న మాటే అది. అంటే అలిక్స్ మీద జీ-మ్యాన్ చేయి అప్పటికే పడి ఉంది. ఐదేళ్ల ముందు కుదిరిన బేరాన్ని అతను ఆ హ్యాంగర్‌లో వసూలు చేసుకున్నాడు. మధ్యలో ఆమె ఏమీ గుర్తులేకుండా మనతో తిరిగింది. 2007లోనే ఉన్న ఒక సన్నివేశంతో ఇది నిలబడుతోంది కాబట్టి నమ్ముతున్నాను. మా స్నేహితుడు ఇప్పటికీ ఒప్పుకోడు, కాలం రెండు దారులైందంటాడు.

2024 నవంబరులో, హాఫ్-లైఫ్ 2కి ఇరవై ఏళ్లు నిండినప్పుడు, వాల్వ్ ఒక డాక్యుమెంటరీ ఇచ్చింది. ఎపిసోడ్ త్రీ కోసం చేసిన పనిని అందులో చూపించారు. కథ ముగించడం కోసమే ఆట చేయడం సరికాదన్న అర్థంలో వాల్వ్ అధిపతి గేబ్ న్యూవెల్ మాట్లాడారు. ఖాళీలు ఎందుకున్నాయో నాకు అప్పుడు బాగా అర్థమైంది. వాళ్లకు ముందు ఆటలో కొత్తదనం కావాలి, కథ దాని వెంట వస్తుంది. బోరియాలిస్ నౌకే చూడండి. మొదట హాఫ్-లైఫ్ 2లోనే ఉండాల్సింది, తీసేశారు. ఎపిసోడ్ టూలో పేరు వచ్చింది, డాక్‌లో కొంత ముక్కతో సహా మాయమైందని. 2011లో వాల్వ్‌దే ఇంకో ఆట పోర్టల్ 2లో ఒక మూల ఖాళీ డాక్, దాని దగ్గర బోరియాలిస్ పేరున్న లైఫ్ రింగ్. నౌక మాత్రం ఇంతవరకు ఏ ఆటలోనూ మనకు అందలేదు.

మీరు ఈసారి ఆడేటప్పుడు హైవే 17లో బండి ఆపి ఆ జెట్టీ కిందికి నడవండి. అపోజింగ్ ఫోర్స్ ఆడకపోతే అదీ ఆడండి. అందులో మనం ఏడ్రియన్ షెపర్డ్ అనే సైనికుడు. చివర జీ-మ్యాన్ అతన్ని ఒక ఆస్ప్రే విమానంలో ఉంచి వెళ్లిపోతాడు. 1999 నుంచి అతను అక్కడే ఉన్నాడు. అతని గురించి నా దగ్గర థియరీ ఏదీ లేదు, అతను మళ్లీ రావాలని మాత్రం చాలా ఉంది.