పోస్టులో పోయిన పట్టుచీర: బిల్లు లేకుండా విలువ చూపడమెలా?

ప్రశ్న: మాది డాలస్. న్యూజెర్సీలో చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షన్‌కని, అమ్మ నాకిచ్చిన గద్వాల చీరను యూఎస్‌పీఎస్ (అమెరికా తపాలా శాఖ) ప్రయారిటీ మెయిల్‌లో 500 డాలర్లకు ఇన్సూరెన్స్ కట్టి పంపాను. 22 రోజులైంది, చేరలేదు. 2018లో అమ్మ గద్వాలలోనే కొన్నది, బిల్లు లేదు. తెలిసిన షాపులో పాత తేదీ వేసి బిల్లు రాయించుకోమంటున్నారు. రాయించుకోవచ్చా?

జవాబు: వద్దమ్మా. అక్కడి తపాలా శాఖ ఫెడరల్ ప్రభుత్వానిది. దొంగ బిల్లు పెడితే నేరమవుతుంది. వీసా మీద ఉన్నవాళ్లయితే మరీ ప్రమాదం.

500కి ఇన్సూరెన్స్ కట్టాను కాబట్టి 500 చేతికొస్తాయని కూడా అనుకోకండి. ఆ అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. పంపిన రోజుకి చీర ఎంత చేస్తుందో అంతే ఇస్తారు, అదెంతో చూపించాల్సింది మీరే. కట్టిన చీర కాబట్టి కొత్తదాని ధరలో కొంత కోయవచ్చు. అమ్మ చీరన్న మమకారానికి మాత్రం పైసా రాదు, నిబంధనల్లోనే ఆ మాట ఉంది.

అమ్మగారు కార్డుతో కట్టారేమో కనుక్కోండి. కట్టి ఉంటే బ్యాంకులో 2018 నాటి స్టేట్‌మెంటు అడగమనండి. షాపు పేరు, తేదీ, మొత్తం కనిపించే ఆ ఒక్క లైను చాలా బలమైన ఆధారం. నగదు ఇచ్చి ఉంటే, కొన్న షాపుకో, పేరున్న మరో చీరల షాపుకో ఫొటోలు పంపి, ఇలాంటి చీర ఇప్పుడు ఎంత పలుకుతుందో లెటర్‌హెడ్ మీద, ఇవాళ్టి తేదీతో, ఇంగ్లిష్‌లో రాసిమ్మని అడగండి. ఒళ్లంతా పట్టా, నూలు ఒంటికి పట్టు అంచా, వెండి జరీనా, చవక లోహంతో చేసే టెస్టెడ్ జరీనా అన్నది అందులో ఉండాలి. ధరంతా అక్కడే తేలుతుంది. రూపాయల పక్కన డాలర్ల విలువ కూడా వేయండి.

పెళ్లి ఆల్బమ్‌లో ఆ చీర కట్టుకున్న ఫొటో ఉంటే జతచేయండి. చీర మీ దగ్గర ఉండేదనడానికి పనికొస్తుంది, ధరకు కాదు. వంద డాలర్ల లోపు వస్తువుకైతే, బిల్లు లేకున్నా, ఎక్కడ ఎంతకు కొన్నారో మీరు రాసిచ్చిన వివరణనే తీసుకుంటారు. మీ మొత్తానికి అది చాలదు.

క్లెయిమ్‌ను పంపిన 15 రోజుల తర్వాత, 60 రోజుల లోపు వేయాలి. అంటే మీకింకా 38 రోజులున్నాయి. ఆన్‌లైన్‌లోనే వేయవచ్చు. ట్రాకింగ్ నంబరు, ఇన్సూరెన్స్ కట్టిన పోస్టాఫీసు రసీదు దగ్గర పెట్టుకోండి. తిరస్కరిస్తే 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు.

ఈలోగా పార్సిల్ వెతకమని విడిగా అర్జీ కూడా పెట్టండి. చిరునామా చిరిగిపోయిన పార్సిళ్లు అట్లాంటాలోని కేంద్రానికి చేరతాయి, అక్కడ విప్పి చూస్తారు. విప్పేవారికి గద్వాల అంటే ఏం తెలుస్తుంది? రంగు, అంచు, ఆరు గజాల బట్ట అని రాసి, ఫొటో జతచేయండి.