డబ్బా మోసినవాడి జవాబులు

ప్రశ్న: మాస్టారూ, మా ఊరి జీడి ఫ్యాక్టరీలో పనిచేసే అక్కచెల్లెళ్ల కథతో 34 లక్షల్లో సినిమా తీశాం. అంతా కొత్తవాళ్లే. ఫస్ట్ కాపీ, అంటే పూర్తయిన సినిమా, చేతికొచ్చి ఏడు నెలలైంది. ఓటీటీ వాళ్లు ముందు థియేటర్లో వేసి రమ్మంటున్నారు. ఇంకో 20 లక్షలు పెడితే రెండు రాష్ట్రాల్లో 60 థియేటర్లు ఇప్పిస్తానని ఒకాయన అంటున్నాడు. మా బావ అప్పు తెస్తానంటున్నాడు. తెమ్మంటారా?
– పేరు వద్దన్న పాఠకుడు, పలాస

జవాబు: వద్దు. 20 లక్షలకి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి 40 వేలు. ఆ 40 వేలు ఏ హాలు నుంచి వస్తాయో ఆ పెద్దమనిషినే అడగమనండి మీ బావని.

ఆయన ఇప్పిస్తానంటున్నవి అద్దె హాళ్లు. పేరున్న హీరో సినిమాకైతే నైజాం (తెలంగాణ) ఇంత, సీడెడ్ (రాయలసీమ) ఇంత, ఉత్తరాంధ్ర ఇంత అని ఆ ఏరియా హక్కులు కొనే బయ్యర్లు కడతారు. మీకు బయ్యర్ లేడు కాబట్టి వారం అద్దె మీరే కట్టాలి. అద్దె లక్ష అనుకోండి, వసూలు 30 వేలు వచ్చిందనుకోండి. మిగతా 70 వేలు డెఫిసిట్, అది మీ నెత్తినే. పైన, హాల్లో సినిమా వేసే డిజిటల్ కంపెనీకి కట్టాల్సిన వీపీఎఫ్ అనే చార్జీ ఇంకోటి. ఆ చార్జీల గొడవతోనే 2018 మార్చిలో మన హాళ్లు మూతపడ్డాయి. పెద్ద నిర్మాతలకే బరువైన సంగతి అది.

నేను డిస్ట్రిబ్యూటర్ తరఫు రిప్రజెంటేటివ్‌గా రీలు డబ్బాలు మోసే రోజుల్లో ఒక ఊళ్లో చిన్న సినిమా మ్యాట్నీకి 11 టికెట్లు తెగాయి. మేనేజరు డీసీఆర్ మీద, అంటే ఆ రోజు కలెక్షన్ కాగితం మీద, సంతకం పెట్టి నా చేతిలో పెట్టాడు. ఫస్ట్ షోకి పాత సినిమా ఎక్కించేశాడు. నిర్మాత ఎదురు లాడ్జిలోనే దిగాడు. పోస్టరు మీద పోస్టరు అంటించడం కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. ఆ కాగితం ఆయన చేతికివ్వడానికి నాకు మొహం చెల్లలేదు. తలుపు కింద నుంచి లోపలికి తోసి వచ్చేశాను.

పలాస, కాశీబుగ్గల్లో ఒక్క హాలు చూసుకోండి. అద్దెకి కాదు, పర్సంటేజీకి, అంటే వసూలులో వాటాకి, అడగండి. పెద్ద సినిమా లేని వారం చాలు, పండగ జోలికి పోవద్దు. ఫ్యాక్టరీ ఆడవాళ్లకి సెలవు ఏ రోజో కనుక్కుని ఆ రోజు మ్యాట్నీ గట్టిగా పట్టుకోండి. పని దిగాక సెకండ్ షోకి రమ్మంటే ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు? ఇక్కడ నాలుగు రోజులు ఆడితే శ్రీకాకుళం, ఆ తర్వాత మన ఉద్దానం జనం ఉన్న విశాఖ, హైదరాబాద్‌లలో ఒక్కో ఆట.

‘కేరాఫ్ కంచరపాలెం’ ఆడలేదా అని మీ వాళ్లు అంటారు, తెలుసు. అమెరికాలో డాక్టరైన ప్రవీణ పరుచూరి డబ్బు పెట్టి, ఆ ఊరి జనంతోనే తీయించిన సినిమా. ముందు న్యూయార్క్ ఫెస్టివల్‌కి వెళ్లింది. 2018 సెప్టెంబరులో హాళ్లకి వచ్చేనాటికి వెనక సురేష్ ప్రొడక్షన్స్, రానా ఉన్నారు. ఆ సినిమా పేరు చెప్పి ధైర్యం ఇచ్చేవాళ్లు ఈ ముక్క మాత్రం మింగేస్తారు.

అన్నట్టు, సెన్సార్ అయిందో లేదో మీరు రాయలేదు. ఆవో మేకో నటించి ఉంటే జంతు సంక్షేమ బోర్డు కాగితం కూడా అడుగుతారు. పల్లెటూరి కథలో ఆవు లేకుండా ఉండదని నా అనుమానం.

హాలు కుదిరాక మొదటి రోజు డీసీఆర్ జిరాక్స్ నాకు పంపండి.

ప్రశ్న: మా ఊళ్లో తలా పదివేలు పోగుచేసి, వడ్డీతో తిరిగి ఇస్తామని చెప్పి సినిమా తీయొచ్చా? – ఖమ్మం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: వడ్డీ మాట ఎత్తకండమ్మా. అలా ఊరందరి దగ్గరా డిపాజిట్లు వసూలు చేస్తే 2019 నాటి చట్టం కింద కేసు అవుతుంది. 1976లో ‘మంథన్’ అనే హిందీ సినిమాకి గుజరాత్ పాల రైతులు 5 లక్షల మంది తలా 2 రూపాయలు ఇచ్చారు, తర్వాత లారీలెక్కి వచ్చి చూశారు. పదివేలు ఎక్కువ. అయిదొందలు అడగండి, మొదటి ఆట టికెట్టు అప్పుడే చేతిలో పెట్టండి.