చీకటి గట్టు మీద మోటారు సైకిల్ ప్రయాణం: పాఠకుల ప్రశ్నకు సమాధానం

ప్రశ్న: మాది కోనసీమలో ముమ్మిడివరం దగ్గర ఒక పల్లె. రొయ్యల ప్లాంటులో షిఫ్టు ముగించుకొని అర్ధరాత్రి దాటాక మోటారు సైకిల్ మీద ఇంటికి వస్తాను. పంట కాలువ గట్టు మీదుగా వస్తే దారి దగ్గరవుతుంది కానీ, ఆ రోడ్డుకు దీపాలు లేవు. ఎదురు వాహనాల వెలుగుకు కళ్ళు చెదిరిపోతున్నాయి. పసుపు కళ్ళద్దాలు కొనుక్కోమని, బండికి అదనంగా ఎల్‌ఈడీ లైట్లు బిగించుకోమని స్నేహితులు అంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: కళ్ళద్దాల సంగతి, లైట్ల సంగతి తరువాత చూద్దాం, ముందుగా ఆలోచించవలసింది మీ వేగం గురించి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు సాగిపోతుంది. ఎదురుగా ఏదో ఉందని గుర్తించి బ్రేకు నొక్కేందుకు ఒకటిన్నర సెకను పట్టిందనుకుంటే, అప్పటికే 25 మీటర్లు గడిచిపోతాయి. ఆ తరువాత పొడి రోడ్డు మీద ఆగడానికి మరో 20 మీటర్లకు పైగా కావాలి. డిమ్ లైటులో నల్లని గేదె గానీ, వెనుక దీపం లేకుండా నిలిపి ఉంచిన ట్రాక్టరు ట్రక్కు గానీ అంత దూరం నుంచి కనిపించదు. అదే 40 కిలోమీటర్ల వేగమైతే మొత్తం 30 మీటర్ల లోపే ఆగగలుగుతారు. అందువల్ల గట్టు మీద 40 దాటవద్దని, వాన పడినా మంచు కమ్మినా అంతకంటే బాగా తగ్గించమని గట్టిగా కోరుతున్నాను.

మన డెల్టాలో మరొక ప్రమాదం ఉంది. సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) కోతల రోజుల్లో రైతులు ధాన్యాన్ని రోడ్డు మీదే ఆరబోసి, రాత్రికి రాశి చేసి బరకాలు కప్పి, అంచులకు రాళ్ళు పెడతారు. ఆరబెట్టుకోవడానికి కళ్ళాలు సరిపోని రైతును నేను తప్పుపట్టలేను. కానీ ఆ రాశి, ఆ రాళ్ళు చీకట్లో దగ్గరికి వచ్చేదాకా కనిపించవు. చెదిరిన గింజల మీద టైరు గోళీల మీద నడిచినట్టు జారిపోతుంది. వాటి మీదకు వచ్చేశాక ముందు చక్రం బ్రేకు నొక్కకుండా, హ్యాండిల్ తిప్పకుండా, యాక్సిలరేటర్ వదిలి బండిని నిటారుగా సాగనివ్వండి. చేపల, రొయ్యల లారీల నుంచి నీళ్ళు కారిన చోట్ల కూడా ఇదే పద్ధతి.

ఎదురు వాహనం వెలుగు దూరాన కనిపించగానే వేగం తగ్గించండి, మీ లైటు డిమ్ చేయండి. ఆ వెలుగును సూటిగా చూడకుండా రోడ్డు ఎడమ అంచు మీద దృష్టి నిలపండి. అయితే గట్టు మీద ఆ అంచు అవతల కాలువే ఉండవచ్చు, వానాకాలంలో అంచు మన్ను మెత్తబడి ఉంటుంది కాబట్టి, చూపు అంచు మీద ఉన్నా బండి మాత్రం తారు మీదే ఉండాలి. వాహనం దాటిపోయాక కళ్ళు మళ్ళీ చీకటికి అలవాటు పడడానికి కొన్ని సెకన్లు పడుతుంది; లారీ వెనుక నడిచి వచ్చే మనిషి మీ కంటికి ఆనని క్షణాలు అవే. కాబట్టి లారీ దాటగానే వేగం పెంచకండి. బయలుదేరే ముందు చాలాసేపు ఫోను చూడడం కూడా చీకటి చూపును దెబ్బతీస్తుంది.

పసుపు కళ్ళద్దాలు వద్దు. అవి కంటికి చేరే కాంతిని తగ్గిస్తాయి తప్ప, చీకట్లో చూపును పెంచవు. వెలుగు చుట్టూ వలయాలు కనిపిస్తున్నా, గతంలో లేని ఇబ్బంది ఇప్పుడు మొదలైనా కంటి వైద్యునికి చూపించుకోండి. అదనపు ఎల్‌ఈడీ లైట్లు ఎదుటివాడి కళ్ళను చెదరగొట్టి, అతన్ని మీ మీదకే తెచ్చే ప్రమాదం ఉంది. వాటికి పెట్టే డబ్బుతో మెకానిక్ దగ్గర హెడ్‌లైటు ఎత్తు సరిచేయించండి. వెనుక మనిషిని గానీ బరువును గానీ ఎక్కించినప్పుడు లైటు పైకి లేస్తుందని కూడా గుర్తుంచుకోండి. హెడ్‌లైటు అద్దాన్ని రోజూ తుడవండి. బండి పక్కలకు, వెనుకకు, హెల్మెట్ వెనుక భాగానికి రేడియం స్టిక్కర్లు అంటించండి.

హెల్మెట్ ఐఎస్‌ఐ ముద్ర ఉన్నదై, పట్టీ బిగించి ఉండాలి. గీతలు పడిన వైజర్ మీద ఎదుటి వెలుగు చెదిరి రోడ్డునే కప్పేస్తుంది గనుక దాన్ని మార్చండి. రాత్రికి రంగు వైజర్ అసలు పనికిరాదు.

ఇక దారి సంగతి. మంచు రోజుల్లోనూ, కోతల కాలంలోనూ దూరమైనా 216 జాతీయ రహదారి మీదుగా వచ్చే వీలుంటే అటే రండి. అక్కడ లారీల రద్దీ ఉన్నా, పక్కనే కాలువ ఉండే గట్టు కంటే దారి వెడల్పుగా ఉంటుంది. కళ్ళు మూతలు పడుతుంటే ఏ దారీ సురక్షితం కాదు. ప్లాంటులోనే కాసేపు పడుకొని బయలుదేరండి. గట్టు మీదుగానే రావలసిన రాత్రి, ఏ దారిన వస్తున్నారో ఇంట్లోవాళ్ళకు ముందే ఫోనులో చెప్పండి. మీరు రావడం ఆలస్యమైతే ఎక్కడ వెతకాలో వాళ్ళకు తెలుస్తుంది, 108కి ఏ చోటు చెప్పాలో కూడా తెలుస్తుంది.