పది రోజుల అతిథి పిల్లి, ఇంటి పిల్లి కొట్లాట

మిర్యాలగూడ నుంచి వచ్చిన మీ చెల్లెలు నల్లగొండలోని మీ ఇంట్లో పది రోజులకని తన పిల్లిని వదిలి వెళ్లిందని, దాన్ని చూసి మీ పిల్లి బుసకొడుతోందని, ఏం చేయాలని అడిగారు. అలా బుసకొట్టడానికి కారణం, చాలా వరకు, తన చోటులో పరాయి వాసన సోకడమే.

1. అతిథి పిల్లికి తలుపు మూసిన గది, వేరే గిన్నెలు, వేరే ఇసుక తొట్టి ఇవ్వండి. నల్లగొండ ఎండలకు ఆ గదిలో ఫ్యాన్ తప్పనిసరి.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇదే: ముఖాముఖి కలపకముందే వాసనలను పరిచయం చేయాలి. ఒకదాని చెంపలను మెత్తని గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను రెండోదాని తిండి గిన్నెకు కొంత దూరంలో ఉంచి, అది బెదరకుండా తింటున్న కొద్దీ దగ్గరికి జరపండి. రెండో పిల్లి గుడ్డతోనూ ఇలాగే చేయండి.

3. ఆ తర్వాతే తలుపు సందులోంచి చూడనివ్వండి. కలబడితే చేతులు పెట్టకుండా అట్టముక్క అడ్డం పెట్టండి.

పది రోజులే కనుక, కుదరకపోతే చివరిదాకా విడిగా ఉంచడమే మేలని నా అభిప్రాయం. ఏ పిల్లి అయినా ఒక రోజంతా తినకపోతే పశువైద్యునికి చూపించండి.