సబ్జెక్టులు పోతున్నాయని ఆ టాబ్లెట్ మింగకండి

ప్రశ్న: బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. జ్ఞానాపురంలో రూమ్. పోయిన సెమిస్టర్‌లో మూడు సబ్జెక్టులు పోయాయి. ఎనర్జీ డ్రింకులు తాగి రాత్రి రెండింటి దాకా చదువుతున్నా, క్లాసులో నిద్ర ఆగడం లేదు. పరీక్ష హాల్లో చేతులు వణుకుతాయి, గుండె దడ. సీనియర్ ఒకరు ప్రొప్రనలాల్ 40 ఇస్తే రెండు పరీక్షలకు వేసుకున్నాను. చిన్నప్పటి నుంచి ఆయాసం ఉంది, రాత్రిళ్లు సాల్బుటమాల్ ఇన్‌హేలర్ వాడతాను. ఈసారి ఫెయిల్ కాకుండా జ్ఞాపకశక్తికి మంచి టాబ్లెట్ చెప్పండి. - ఓ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: జ్ఞాపకశక్తి టాబ్లెట్ సంగతి పక్కన పెట్టండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు మార్కులు తెచ్చిపెట్టే మాత్ర లేదు. మీరు మాటవరసకు రాసిన విషయమే నన్ను కంగారు పెట్టింది: ఆయాసం ఉండి ప్రొప్రనలాల్ వేసుకోవడం.

దడ, వణుకు తగ్గించడానికి ఆ మందు పనికొస్తుంది, కాదనను. మైగ్రేన్‌కూ రాస్తాం. కానీ అది గుండెతో ఆగదు. శ్వాసనాళాలను వదులుగా ఉంచే బీటా-2 గ్రాహకాలను (మందు వెళ్లి అంటుకుని పనిచేసే చోట్లను) కూడా అడ్డుకుంటుంది. ఉబ్బసం (ఆస్తమా, మీరు ఆయాసం అంటున్నది బహుశా ఇదే) ఉన్నవాళ్లలో నాళాలు బిగుసుకుపోయి పిల్లికూతలు మొదలవుతాయి. అసలు చిక్కు ఆ తర్వాత ఉంది. అప్పుడు మీరు కొట్టుకునే సాల్బుటమాల్ పనిచేయాల్సింది కూడా ఆ గ్రాహకాల మీదే! అవి మూసుకుపోయి ఉంటే ఎన్ని పఫ్‌లు కొట్టినా ఫలితం అంతంతే. రెండుసార్లు ఏమీ కాలేదని ధీమా వద్దు. పడిశం పట్టిన రోజున అదే 40 మిల్లీగ్రాములు ఆసుపత్రికి చేర్చగలదు. సీనియర్‌కు మంచి మనసే ఉండొచ్చు, మీ ఆయాసం సంగతి ఆయనకేం తెలుసు? ఇచ్చిన మందల్లా మింగేయడమేనా?

ఇకపై అది వద్దు. ఈ మందును డాక్టర్ సలహాతో రోజూ వాడుతున్న వేరే పాఠకులు మాత్రం ఇది చదివి ఒక్కసారిగా ఆపేయకండి, మీ డాక్టర్‌నే అడగండి.

ఇక వణుకు. సాల్బుటమాల్ ఎక్కువైనా చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. పైన ఎనర్జీ డ్రింక్. 250 మి.లీ. డబ్బాలో 75 మి.గ్రా. వరకు కెఫీన్ ఉండొచ్చు, ఐదు గంటల తర్వాత కూడా అందులో సుమారు సగం ఒంట్లోనే ఉంటుంది. పరీక్ష భయం కొంత ఉంటుంది గానీ, వణుకంతా దాని మీదకే నెట్టేయలేం. మధ్యాహ్నం రెండు దాటాక కెఫీన్ మానండి.

రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారో మీరు రాయలేదు. ఆయాసంతో నిద్ర చెడుతున్నా, వారానికి రెండుసార్లకు మించి ఇన్‌హేలర్ అవసరమవుతున్నా ఉబ్బసం అదుపులో లేదనే లెక్క. క్లాసులో నిద్రకు, చదివింది నిలవకపోవడానికి అదే కారణం కావచ్చు, చూడకుండా ఖాయంగా చెప్పలేను. సాల్బుటమాల్ ఉపశమనం ఇస్తుందంతే, నాళాల్లో వాపు తగ్గించదు. దానికి స్టెరాయిడ్ ఉన్న ఇన్‌హేలర్ కావాలి. అలవాటైపోతుందని భయపడకండి, కాదు. వాడాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేదంటే నోట్లో తెల్లటి పూత రావచ్చు. పంపు ఇన్‌హేలర్ అయితే బాగా ఊపి, ఊపిరి పూర్తిగా వదిలి, నొక్కుతూ నెమ్మదిగా పీల్చి, పది సెకన్లు బిగబట్టాలి. చాలామంది గబుక్కున పీల్చేస్తారు, మందు గొంతులోనే ఆగిపోతుంది. స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) పెట్టుకుంటే ఈ బాధ తగ్గుతుంది.

జ్ఞానాపురంలో పోర్టు వైపు నుంచి వచ్చే దుమ్ము, వానాకాలంలో గోడల చెమ్మ, బూజు, మీ రూమ్‌లో దోమల కాయిల్ వెలిగిస్తే దాని పొగ - వీటిలో ఏది పడటం లేదో గమనించండి. ఈ వారంలోనే పెదవాల్తేరు ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రిలో గానీ, దగ్గర్లోని పల్మనాలజిస్ట్ (ఊపిరితిత్తుల డాక్టర్) దగ్గర గానీ చూపించుకోండి. స్పైరోమెట్రీ (ఊపిరి ఊది చేసే పరీక్ష), హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) అవసరమా అని అడగండి. ప్రొప్రనలాల్ వేసుకున్న సంగతి దాచకండి. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేనంత ఆయాసం వచ్చినా, పెదాలు నీలంగా మారినా సలహా కోసం ఎవరికీ రాయకుండా 108కి ఫోన్ చేయండి. రెండు వారాలకు పైగా దేని మీదా మనసు పోకపోతే, బతుకు మీద విసుగొస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి.

చదువు గురించి నాకంటే మీ లెక్చరర్లు బాగా చెబుతారు. ఒక్కటి మాత్రం అంటాను: రాత్రి పన్నెండుకల్లా పడుకుని ఏడు గంటలు నిద్రపోండి. చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. పోయిన మూడింటిలో ముందు ఒకదాని పాత ప్రశ్నపత్రాలు తీసి, పుస్తకం మూసి జవాబులు రాయండి, రాయలేనివే మళ్లీ చదవండి.

ఓపీ చీటీలు, రిపోర్టులు దాచుకోండి. హాజరు 75 శాతం కన్నా తగ్గితే కాలేజీ మెడికల్ సర్టిఫికెట్ అడుగుతుంది. అప్పుడొచ్చి వెనక తేదీ వేసిమ్మంటే ఏ డాక్టరూ ఇవ్వకూడదు.