పని మీద కాదు, ఆ మెయిల్ మీదే బెంగ

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. రెండేళ్ల కిందట ఉద్యోగం మానేసి, ఇంటి నుంచే పుస్తకాలకు పేజీలు డిజైన్ చేస్తున్నాను. గడువున్న పని వస్తే అర్ధరాత్రి దాకా కూర్చుంటాను. లేని రోజున ల్యాప్‌టాప్ తెరిచి, ఫోన్ చూస్తూ మధ్యాహ్నం చేసేస్తాను. కొత్త క్లయింట్లకు పంపాల్సిన మూడు కొటేషన్లు నెల రోజులుగా డ్రాఫ్టుల్లోనే ఉన్నాయి. ‘నీకు ఉద్యోగమే నయం’ అంటున్నారు మావారు. నేనింత బద్ధకస్తురాలినా? ఉత్సాహం ఎలా తెచ్చుకోవాలి?

జవాబు: అర్ధరాత్రి దాకా కూర్చుని పని పూర్తిచేసే మనిషిని బద్ధకస్తురాలని ఎలా అంటామండీ? ఆ మాట పక్కన పెట్టండి. నా కన్ను ఆ మూడు డ్రాఫ్టుల మీద పడింది.

మీకు డిజైన్ చేయడం ఇష్టమే. పని అడగడం దగ్గరే కాలు ఆగిపోతోంది. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆ అడగడమేదో వేరేవాళ్లు చూసుకునేవారు, పని మీ బల్ల మీదికి వచ్చేది. ఇప్పుడు అదీ మీ నెత్తినే పడింది. పంపితే ‘ఇంత ఎక్కువా’ అంటారేమో, అసలు జవాబే రాదేమో. డ్రాఫ్టులో ఉన్నంతకాలం కాదనేవాళ్లు లేరు కదా! వాయిదా వేయగానే మనసు కాస్త తేలికపడుతుంది, ఆ తేలికే మళ్లీ వాయిదా వేయిస్తుంది. నేనూ సొంతంగానే ప్రాక్టీసు చేసుకుంటున్నాను. రావాల్సిన ఫీజు గుర్తుచేసే రెండు లైన్ల మెసేజ్ టైప్ చేయడం, ‘దయచేసి’ ఎక్కువైందేమోనని చెరపడం, మళ్లీ టైప్ చేయడం... ఇలా వారం గడిపిన సందర్భాలు నాకూ ఉన్నాయి.

ఉత్సాహం వచ్చాక మొదలుపెడదామంటే రోజులు గడిచిపోతాయి. డిప్రెషన్ చికిత్సలోనే మూడ్ బాగయ్యేదాకా ఆగకుండా చిన్నచిన్న పనులు ముందే మొదలుపెట్టించే పద్ధతి ఒకటుంది, బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వవేత్త 1999లో రాసిన ఒక వ్యాసంలో ఇంకో చిట్కా ఉంది. ‘ఇది చేయాలి’ అని ఊరికే అనుకోకుండా, ‘ఫలానాది జరగ్గానే ఇది చేస్తాను’ అని ముందే ముడివేసుకుంటే ఆ పని జరిగే అవకాశం ఎక్కువ. మీ ముడి ఇలా ఉండనివ్వండి: ‘ల్యాప్‌టాప్ తెరవగానే ఒక కొటేషన్ తీసి, అంకె ఒక్కసారి సరిచూసి పంపేస్తాను.’ అంతవరకు ఫోన్ పక్కగదిలో. రోజుకు ఒక్కటి చాలు. మూడూ ఇవాళే తేల్చేద్దామని కూర్చుంటే ఒక్కటీ కదలదు. ఎన్ని పంపారో మాత్రమే రాసుకోండి, ఎన్ని ఖాయమవుతాయన్నది మీ చేతిలో లేదు.

మీవారి మాట గుచ్చుకుని ఉంటుంది. అయితే ఆయన కంటికి కనబడేది మీ చేతిలోని ఫోనే. ఈ డ్రాఫ్టుల గొడవ ఆయనకు ఎప్పుడైనా చెప్పారా? కూర్చోబెట్టి రెండేళ్ల లెక్క చూపించండి, ఏ నెల ఎంత వచ్చింది, ఇంకా ఎంత రావాలి. ఆరు నెలల్లో ఇంత రాకపోతే ఉద్యోగం వెతుక్కుంటానని ఆ అంకేదో మీరే చెప్పండి. తిరిగి ఉద్యోగంలో చేరడం నామోషీ ఏమీ కాదు, కాకపోతే లెక్క చూసుకుని చేరాలి.

ఒకటి మీరు రాయలేదు, అడగక తప్పదు. ఇష్టమైన డిజైన్ మీద కూడా మనసు పోక, నిద్రా ఆకలీ తప్పి, రెండు వారాలుగా దాదాపు రోజంతా దిగులుగానే ఉంటోందా? అలాగైతే ఈ చిట్కాలతో కాలం గడపకుండా సైకియాట్రిస్టునో సైకాలజిస్టునో కలవండి. అదేం లేదంటే, ఆ మూడింట్లో అన్నిటికన్నా చిన్న కొటేషన్ ఇప్పుడే తెరవండి.