మైక్రోకంట్రోలర్ల మీద పనిచేసినవాళ్లు లినక్స్ వైపు ఎలా వెళ్లాలి?

మీరు అడిగింది ఇది: ఎనిమిదేళ్లుగా హైదరాబాద్‌లో ఎంబెడెడ్ సి రాస్తున్నారు. మొదట 8051, తర్వాత ఎస్‌టీఎం32 అనే మైక్రోకంట్రోలర్లు (ఒకే చిప్‌లో ఇమిడిన చిన్న కంప్యూటర్లు), వాటి మీద నడిచే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఫ్రీఆర్‌టీఓఎస్ కొంత. ఇప్పుడు ఏ ఉద్యోగ ప్రకటన చూసినా ఎంబెడెడ్ లినక్స్ (పరికరాల లోపల నడిచే లినక్స్), ఆండ్రాయిడ్, క్యూఎన్‌ఎక్స్ లాంటి పెద్ద ఆపరేటింగ్ సిస్టమ్‌లే అంటున్నారు. ఇన్నేళ్ల అనుభవం వృథా అయినట్టేనా, మళ్లీ ఫ్రెషర్‌లా మొదలుపెట్టాలా అని.

వృథా కాదండి. నేనూ ఆ దారిలోనే వచ్చాను. చర్లపల్లిలో ఒక చిన్న కంపెనీలో మీటర్ బోర్డులకు ఫర్మ్‌వేర్ (చిప్‌లోనే ఉండే ప్రోగ్రామ్) రాసేవాణ్ణి. ఇప్పుడు రాయదుర్గంలో, కొత్త బోర్డుల మీద లినక్స్ ఎక్కించే టీమ్‌లో ఉన్నాను. కొత్తగా చేరేవాళ్లను ఇంటర్వ్యూ చేసే పని కూడా నాకే వస్తుంది. అందుకే మీ ప్రశ్నకి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మార్కెట్ సంగతి. మీకు కనిపిస్తున్న మార్పు నిజమే, దానికి కారణాలూ గట్టివే. ఒకప్పుడు మెషీన్ అంటే నాలుగు బటన్లు, రెండు లైన్ల ఎల్‌సీడీ, ఒక రిలే. దానికి 8051 రకానికే చెందిన ఏటీ89ఎస్52 చిప్‌లోని 8 కేబీ ఫ్లాష్, 256 బైట్ల ర్యామ్ సరిపోయేవి. ఇప్పుడు అదే మెషీన్‌కి టచ్ స్క్రీన్ కావాలి, వైఫై కావాలి, ఇంటర్నెట్ నుంచి అప్‌డేట్ రావాలి. యూఎస్‌బీ, ఫైల్ సిస్టమ్, టీఎల్‌ఎస్ (నెట్‌వర్క్‌లో డేటాకి రక్షణ), గ్రాఫిక్స్ అన్నీ సొంతంగా కూర్చుకునే ఓపిక, డబ్బు ఏ చిన్న కంపెనీకీ ఉండవు. లినక్స్‌లో అవి సిద్ధంగా ఉన్నాయి. దీనికి తోడు యూరప్‌లో సైబర్ రెసిలియన్స్ యాక్ట్ 2024 డిసెంబర్‌లో అమల్లోకి వచ్చింది, దాని ప్రధాన నిబంధనలు 2027 డిసెంబర్ నుంచి వర్తిస్తాయి. అక్కడికి సరుకు పంపే కంపెనీలు అమ్మేసి ఊరుకుంటే కుదరదు, ఆ తర్వాత కూడా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తూ ఉండాలి. ‘లినక్స్ రియల్ టైమ్ కాదు కదా’, అంటే కచ్చితమైన గడువులో పని చేస్తుందన్న హామీ లేదు కదా అనే పాత అభ్యంతరం కూడా బలహీనపడింది. ఆ లోటు తీర్చడానికి ఎన్నో ఏళ్లు విడిగా ప్యాచ్‌గా నడిచిన ప్రీఎంప్ట్ ఆర్‌టీ 2024లో వచ్చిన 6.12 కెర్నల్‌తో (కెర్నల్ అంటే లినక్స్ గుండెకాయ లాంటి భాగం) అసలు లినక్స్‌లోనే చేరిపోయింది.

అలాగని చిన్న కంట్రోలర్లు ఎక్కడికీ పోవు. మోటార్ కంట్రోల్, బ్యాటరీ మేనేజ్‌మెంట్, ఎయిర్‌బ్యాగ్, ఎనర్జీ మీటర్ లాంటి చోట్ల మైక్రోసెకన్ల లెక్క, మైక్రోఆంపియర్ల లెక్క ఉంటుంది. మన ఊళ్లో కంచన్‌బాగ్ చుట్టుపక్కల రక్షణ రంగానికి బోర్డులు చేసేవాళ్లకి కూడా ఆ పని ఎప్పుడూ ఉంటుంది. కాకపోతే అది ఒక్కటే వచ్చినవాళ్లకి కంపెనీ మారే అవకాశాలు తక్కువ, జీతం పెరగడం నెమ్మది. అందుకని నేర్చుకోవడం మాత్రం వాయిదా వేయకండి.

ఇక అసలు విషయానికి వస్తాను. లినక్స్‌కి మారేటప్పుడు చాలామంది పైనుంచి మొదలుపెడతారు. షెల్ కమాండ్లు, ఫోర్క్, థ్రెడ్లు, సాకెట్లు, ఆ తర్వాత ఎప్పుడో డ్రైవర్లు. మీరు కిందినుంచి మొదలుపెట్టండి. బూట్‌లోడర్ (పవర్ రాగానే లినక్స్‌ని ఎక్కించే ప్రోగ్రామ్), డివైస్ ట్రీ (బోర్డు మీద ఏ చిప్ ఎక్కడుందో కెర్నల్‌కి చెప్పే ఫైల్), డ్రైవర్, ఆ తర్వాత మిగతావి. ఎందుకంటే కింద జరిగేదంతా మీకు కొట్టిన పిండి. పేర్లు మారాయి, నియమాలు కొన్ని పెరిగాయి, అంతే.

ఉదాహరణకి ఇంటరప్ట్ (హార్డ్‌వేర్ నుంచి ప్రాసెసర్‌కి వచ్చే పిలుపు) తీసుకోండి. ఎస్‌టీఎం32లో సెన్సర్ పిన్ ఎగరగానే ఆ పిలుపు అందుకునే హ్యాండ్లర్‌లోనే ఐ2సీ (చిప్‌ల మధ్య రెండు వైర్ల లైను) రీడ్ చేసేసినా, కాస్త మొరటుగానైనా పని నడుస్తుంది. లినక్స్‌లో అలా చేస్తే ‘షెడ్యూలింగ్ వైల్ అటామిక్’ అని కెర్నల్ గగ్గోలు పెడుతుంది. ఐ2సీ బదిలీ పూర్తయ్యే దాకా కోడ్ నిద్రపోవాలి, ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో నిద్రపోవడం నిషిద్ధం. అందుకే థ్రెడెడ్ ఇంటరప్ట్ అని పెట్టారు. హ్యాండ్లర్ పైభాగం వెంటనే వచ్చి పోతుంది, అసలు పని ఒక కెర్నల్ థ్రెడ్ చేస్తుంది. ఫ్రీఆర్‌టీఓఎస్‌లో మీరు చేసేది ఇదే కదా? ఇంటరప్ట్‌లో సెమాఫోర్ (టాస్క్‌ని లేపే సంకేతం) ఇచ్చి బయటికి రావడం, టాస్క్ లేచి డేటా చదవడం. ఆ ఆలోచన చేతికి పట్టుబడినవాళ్లకి ఇది ఒక్క సాయంత్రం పని. మొదటిసారి వినేవాళ్లకి నెలలు పడుతుంది, నేను చూశాను.

నిజంగా కొత్తది ఎంఎంయూ, అంటే ప్రోగ్రామ్‌లు వాడే అడ్రస్‌లను అసలు మెమరీ అడ్రస్‌లకు మార్చే హార్డ్‌వేర్. రిజిస్టర్ అడ్రస్‌ని వోలటైల్ పాయింటర్‌లో వేసి నేరుగా రాసే అలవాటు మనది. లినక్స్‌లో మామూలు ప్రోగ్రామ్ నుంచి ఆ అడ్రస్ తాకితే సెగ్మెంటేషన్ ఫాల్ట్ వచ్చి ఆగిపోతుంది. డ్రైవర్‌లో కూడా ముందు ఐఓరీమ్యాప్‌తో దాన్ని కెర్నల్ వాడగలిగే అడ్రస్‌కి కలుపుకోవాలి. వర్చువల్ మెమరీ, మామూలు ప్రోగ్రామ్‌లు నడిచే యూజర్ స్పేస్‌కీ కెర్నల్‌కీ మధ్య గోడ, ఈ రెండూ నిదానంగా, కాగితం మీద బొమ్మ వేసుకుని అర్థం చేసుకోండి. ఇక్కడ తొందరపడితే ముందు ముందు ప్రతి చోటా తడబాటే.

మీ పాత అనుభవానికి ఎంత విలువ ఉందో చెప్పడానికి మా టీమ్‌లో జరిగినది ఒకటి చెప్తాను. కొత్త బోర్డు వచ్చింది, టచ్ కంట్రోలర్ పలకడం లేదు. లాగ్‌లో ఎర్రర్ -121, అంటే చిప్ నుంచి జవాబు రాలేదని. కెర్నల్ కోడ్ బాగా తెలిసిన కుర్రాడు ఒకడు డ్రైవర్ సోర్సంతా జల్లెడ పట్టాడు, డివైస్ ట్రీలో అడ్రస్ మళ్లీ మళ్లీ సరిచూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నేను డివైస్ ట్రీలో ఐ2సీ క్లాక్‌ని 400 కిలోహెర్ట్జ్ నుంచి 100కి తగ్గించి చూడమన్నాను. వెంటనే పలికింది. తర్వాత స్కోప్ (ఆసిలోస్కోప్) పెట్టి చూస్తే విషయం కళ్లముందే ఉంది. లైను నిటారుగా లేవాల్సింది వాలుగా లేస్తోంది, హై లెవెల్‌కి చేరేలోపే మళ్లీ కిందికి పడిపోతోంది. బోర్డు నుంచి స్క్రీన్ దాకా పొడుగాటి రిబ్బన్ కేబుల్, దానికి 10 కిలో ఓమ్‌ల పులప్ (లైనుని పైకి లాగే రెసిస్టర్). 2.2 కిలో ఓమ్ వేసి 400కే తిరిగి పెట్టాం, ఏ ఇబ్బందీ లేదు. ఆ అబ్బాయికి తెలివి తక్కువేం కాదు, అతనికి ఎవరూ స్కోప్ చేతికివ్వలేదు. మీరు ఎనిమిదేళ్లుగా దాంతోనే బతికారు. లినక్స్ టీమ్‌లలో ఇలాంటివాళ్లు ఎంత తక్కువమంది ఉంటారో బయటివాళ్లకి తెలియదు.

నేర్చుకోవడానికి బోర్డు ఒకటి కొనుక్కోండి. రాస్ప్‌బెర్రీ పై దొరకడం తేలిక, కానీ నా ఓటు బీగల్‌బోన్ బ్లాక్‌కే. పాతదే, 2013లో వచ్చింది. అయినా దాని ప్రాసెసర్ మాన్యువల్, బోర్డు స్కీమాటిక్ అందరికీ అందుబాటులో ఉన్నాయి, బూట్ అయ్యే తీరు అంచెలంచెలుగా కనిపిస్తుంది. చిప్ లోపలి రోమ్ కోడ్ లేస్తుంది, అది ఎస్‌పీఎల్ అనే చిన్న తొలి బూట్‌లోడర్‌ని లోపలి మెమరీలోకి తెస్తుంది, ఎస్‌పీఎల్ బయటి డీడీఆర్ మెమరీని సిద్ధం చేస్తుంది, అప్పుడు అసలు బూట్‌లోడర్ యూ-బూట్, తర్వాత కెర్నల్. సీరియల్ కేబుల్ పెట్టుకుని ఒక్కో అంచెనూ మీరే కంపైల్ చేసి ఎక్కించండి. లినక్స్ ఇమేజ్ మొత్తం తయారుచేసే టూల్స్‌లో యోక్టో జోలికి అప్పుడే పోవద్దు, బిల్డ్‌రూట్‌తో మొదలుపెట్టండి. చాలామంది యోక్టో దగ్గరే విసిగిపోయి వదిలేస్తారు.

ఆ తర్వాత మీరు ఎస్‌టీఎం32 మీద ఇదివరకే నడిపిన సెన్సర్‌నే తీసుకోండి. ఉష్ణోగ్రత, గాలి పీడనం కొలిచే బీఎంపీ280 అనుకుందాం, కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే దొరుకుతుంది. దానికి కెర్నల్‌లో డ్రైవర్ ముందే ఉంది. దాన్ని చూడకుండా మీరే సొంతంగా రాయండి, ఉష్ణోగ్రత సరిగ్గా వచ్చేదాకా కుస్తీ పట్టండి, ఆ తర్వాతే కెర్నల్‌లోది తెరిచి పక్కపక్కన పెట్టుకుని చదవండి. వాళ్లు ఎర్రర్లు ఎలా పట్టుకున్నారు, లాక్ ఎక్కడ వేశారు, పవర్ ఎప్పుడు ఆపారు అన్నది అప్పుడు అర్థమవుతుంది. నాకు ఏ కోర్సూ నేర్పనంత ఇది నేర్పింది. బూట్‌లిన్ అనే ఫ్రెంచ్ సంస్థ తన శిక్షణ స్లయిడ్లన్నీ ఉచితంగా నెట్‌లో పెట్టింది, అవి చాలు. అమీర్‌పేటలో డబ్బు కట్టి చేరేముందు మాత్రం బోర్డు చేతికిస్తారా, డివైస్ ట్రీ రాయిస్తారా అని అడగండి. ల్యాప్‌టాప్‌లో ‘హలో’ అని ప్రింట్ చేసే మాడ్యూల్ చూపించి డ్రైవర్ కోర్సు అనేవాళ్లున్నారు, అది మీకు అక్కర్లేదు.

ఆండ్రాయిడా, క్యూఎన్‌ఎక్సా, లినక్సా అని తికమక పడకండి. ఆండ్రాయిడ్ కింద ఉన్నది లినక్స్ కెర్నలే. క్యూఎన్‌ఎక్స్ తీరు వేరు, అందులో డ్రైవర్లు కూడా మామూలు ప్రాసెస్‌లుగా నడుస్తాయి. అయినా రెండిటికీ ఉమ్మడి పద్ధతులు చెప్పే పోసిక్స్ ప్రమాణం తెలిస్తే అక్కడా దారి దొరుకుతుంది. ముందు లినక్స్ ఒక్కటి గట్టిగా పట్టండి.

మీలాంటివాళ్లకి అన్నిటికన్నా సరిపోయే చోటు ఇంకొకటి ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. ఇప్పుడు చాలా చిప్‌లలో రెండు రకాల కోర్లు కలిసే వస్తున్నాయి. 2019లో వచ్చిన ఎస్‌టీఎం32ఎంపీ1లో లినక్స్ నడిపే కార్టెక్స్ ఏ7తో పాటు మీకు తెలిసిన కార్టెక్స్ ఎం4 కూడా ఉంది. ఎన్‌ఎక్స్‌పీ ఐ.ఎంఎక్స్8ఎం, టీఐ ఏఎం62 కూడా ఇదే పద్ధతి. స్క్రీన్, నెట్‌వర్క్ లినక్స్ చూసుకుంటుంది, టైమింగ్ తప్పకూడని పని ఎం4 చూసుకుంటుంది. లినక్స్ వైపు నుంచి రిమోట్‌ప్రాక్ ఆ ఫర్మ్‌వేర్‌ని ఎక్కిస్తుంది, షేర్డ్ మెమరీ మీదుగా ఆర్‌పీమెసేజ్‌తో రెండూ మాట్లాడుకుంటాయి. ఈ రెండు వైపులా తెలిసినవాళ్లు దొరక్క మేం తల పట్టుకుంటున్నాం. మీరు సగం దూరం వచ్చేసి ఉన్నారు.

ఇంటర్వ్యూలో నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. కొత్త బోర్డుకి పవర్ ఇచ్చారు, కన్సోల్‌లో ఒక్క అక్షరం కూడా రాలేదు, ఏం చేస్తారు? లినక్స్ మాత్రమే తెలిసినవాళ్లు ఇమేజ్ మళ్లీ ఎక్కిస్తామంటారు. కంట్రోలర్ల నుంచి వచ్చినవాళ్లు ముందు వోల్టేజీలు చూస్తారు, తర్వాత రీసెట్, క్లాక్, బూట్ పిన్‌లు, ఆ తర్వాతే యూఆర్ట్ (సీరియల్ కన్సోల్) వైర్లు. ఆ వరుస విన్నాక యోక్టో తెలియకపోయినా నాకు పెద్ద పట్టింపు ఉండదు. కాబట్టి రెజ్యూమెలో లినక్స్ అనుభవాన్ని ఉన్నదానికన్నా పెంచి రాయొద్దు, ఉన్న హార్డ్‌వేర్ అనుభవాన్ని దాచొద్దు.

జీతం విషయంలో మాత్రం చేదు మాట ఒకటి చెప్పాలి. కొన్ని కంపెనీల హెచ్‌ఆర్‌లు లినక్స్ ఏళ్లే లెక్కలోకి తీసుకుంటారు. అందుకే వీలైతే మీ కంపెనీలోనే తర్వాతి ప్రోడక్ట్‌ని లినక్స్ మీద చేద్దామని అడిగి, ఆ పని మీరే తీసుకోండి. అది కుదరకపోతే మీ రంగంలోనే ఉన్న వేరే కంపెనీకి వెళ్లండి. క్యాన్ బస్ (వాహనాల్లో కంట్రోలర్లు మాట్లాడుకునే లైను) మీద పనిచేసి ఉంటే లినక్స్‌లో సాకెట్‌క్యాన్ చూడండి, పాత ఫ్రేమ్‌లే, పాత ఐడీలే, నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌లా కనిపిస్తాయి. ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుని నేర్చుకోవాలన్న ఆలోచన ఉంటే మానుకోండి, ఈఎంఐల టెన్షన్‌తో చదువు సాగదు.

ఆఫర్ వచ్చాక ఒక్క సంగతి కనుక్కుని మరీ చేరండి. బోర్డు బ్రింగప్ (కొత్త బోర్డుని మొదటిసారి నడిపించే పని) హైదరాబాద్ టీమే చేస్తుందా, స్కీమాటిక్, స్కోప్ ఇక్కడి వాళ్ల చేతిలో ఉంటాయా, లేక హార్డ్‌వేర్ పనంతా వేరే దేశంలో జరిగి ఇక్కడ అప్లికేషన్, టెస్టింగ్ మాత్రమే ఉంటాయా అని. ప్రకటనలో రెండింటికీ ఎంబెడెడ్ లినక్స్ అనే రాస్తారు. రెండోదైతే, జీతం కాస్త ఎక్కువున్నా మీరు ఒప్పుకోకపోతేనే మంచిదని నా అభిప్రాయం.